తాపీ ఒడ్డున ఎవరి చరిత్ర?

సూరత్‌లో ఉండే తెలుగువాళ్ళలో చౌక్ బజార్ మీదుగా పోనివాళ్ళు తక్కువ. అక్కడి కోట లోపలికి పోయినవాళ్ళు ఇంకా తక్కువ. తాపీ నది ఒడ్డున ఉన్న ఈ పాత కోటలో ఏళ్ళ తరబడి సర్కారు కచేరీలు నడిచాయి. తరువాత సూరత్ నగరపాలక సంస్థ దాన్ని బాగుచేయించి, ఊరి చరిత్ర చెప్పే మ్యూజియంగా జనానికి తెరిచింది. "అక్కడ మనకేం పని? మనం బతకడానికి వచ్చినవాళ్ళం" అని మా నవాగామ్‌లో చాలామంది అంటారు. వినడానికి వినయంగా ఉన్నా ఆ మాట సరైంది కాదు. పొట్ట చేతబట్టుకొని పరాయి ఊరికి వచ్చినవాడికే ఆ ఊరి చరిత్రతో ఎక్కువ పని ఉంటుంది. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇతర ప్రాంతాల పాఠకుల కోసం నవాగామ్ గురించి రెండు మాటలు. ఉధనా, లింబాయత్, డిండోలీల పక్కన ఉన్న శ్రామికుల పేట ఇది. గుజరాతీలో నవాగామ్ అంటే కొత్త ఊరు. మన దగ్గర కొత్తూరు, కొత్తపల్లె అని ఉన్నట్టే. ఈ చుట్టుపక్కల వాడల్లో ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు, ఉత్తరప్రదేశ్, బీహార్, ఒడిశా కార్మికులు, మన తెలుగువాళ్ళు కలిసి బతుకుతున్నారు. తెలుగువాళ్ళలో ఎక్కువమంది కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు. వాళ్ళ వెనకే, వాళ్ళ పక్కనే, మాల మాదిగ కుటుంబాలూ వచ్చాయి. కొందరు సాంచాల మీద పనిచేస్తారు, కొందరు కట్టడం పనికి పోతారు, కొందరు ఊరు ఊడుస్తారు. ఈ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే ఇక్కడ మనవాళ్ళు ఎన్ని తరాలుగా ఉన్నారో అర్థమవుతుంది.

కోట కట్టింది ఎవరు?

ముందు కోట సంగతి చూద్దాం. 16వ శతాబ్దం మొదటి సగంలో పోర్చుగీసువాళ్ళు సముద్రం మీదుగా వచ్చి సూరత్‌ను ఒకటికి రెండుసార్లు తగలబెట్టారు. ఇక లాభం లేదని గుజరాత్ సుల్తాన్ మూడో మహమూద్ ఇక్కడ గట్టి కోట కట్టమన్నాడు. 1546 నాటికి అది పూర్తయింది. కట్టించిన అధికారి ఖుదావంద్ ఖాన్ అనే బిరుదున్న సఫీ ఆఘా. అతను తుర్కు సైనికుడు. అంటే ఈ ఊరికి గుర్తుగా నిలిచిన కట్టడాన్ని నిలబెట్టినవాడే బయటి నుంచి వచ్చినవాడు.

1573లో అక్బర్ ఈ కోటను ముట్టడించి గెలిచాడు. ఆ తరువాత సూరత్ మొగలు సామ్రాజ్యానికి పెద్ద రేవు అయింది. మక్కాకు పోయే హజ్ యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవాళ్ళు. వాళ్ళు దిగడానికి 1644లో, షాజహాన్ కాలంలో, ఒక సరాయి కట్టారు. ఆ మొగల్ సరాయిలోనే ఇప్పుడు నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం నడుస్తోంది. మన ఇంటి పన్ను, నీటి పన్ను లెక్కలు చూసే ఆఫీసు ఒకప్పుడు బయటి ఊళ్ళవాళ్ళకు తలదాచుకోను కట్టిన సత్రం అన్నమాట. ఈ సంగతి నవాగామ్‌లో ఎంతమందికి తెలుసు?

ఇంగ్లీషువాళ్ళకు 1613లో ఇక్కడ కోఠీ పెట్టుకోవడానికి మొగలు అనుమతి దొరికింది. కొద్ది ఏళ్ళలోనే డచ్చివాళ్ళు, 1668లో ఫ్రెంచివాళ్ళు వచ్చారు. ఆర్మీనియా వర్తకులు వచ్చారు. 1664 జనవరిలో ఒకసారి, 1670 అక్టోబరులో మరోసారి శివాజీ సేనలు ఊరిని కొల్లగొట్టాయి. 1759లో కోట ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది. 1800కల్లా ఊరి పాలన మొత్తం వాళ్ళదే అయింది.

ఈ వరుస చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. సూరత్ ఊరు బయటివాళ్ళతోనే పెద్దదైంది. తుర్కు కోట కట్టాడు, డచ్చివాడు కోఠీ కట్టాడు, ఆర్మీనియావాడు ఇక్కడే సమాధి అయ్యాడు. కరీంనగర్ నుంచి వచ్చి సాంచా నడిపినవాడు ఒక్కడే పరాయివాడు ఎట్లా అవుతాడు? "పరప్రాంతి" అని ఎవరైనా మనల్ని తక్కువచేసి మాట్లాడినప్పుడు చెప్పడానికి మన దగ్గర జవాబు ఉండాలి. ఆ జవాబు ఈ ఊరి చరిత్రలోనే దొరుకుతుంది.

సూరత్‌కు తోబుట్టువు లాంటి రేవు ఒకటి మన దగ్గరా ఉంది. అది మచిలీపట్నం. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో అక్కడ దిగారు. సూరత్‌లో కోఠీ పెట్టిన మరుసటి ఏడాది, 1669లో, ఫ్రెంచివాళ్ళు కూడా మచిలీపట్నం చేరారు. పడమటి తీరంలో సూరత్, తూర్పు తీరంలో బందరు. రెండుచోట్లా వాళ్ళకు కావలసింది ముఖ్యంగా బట్ట. రెండుచోట్లా డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. సూరత్‌లోని డచ్చి శ్మశానంలో 1691లో చనిపోయిన వాన్ రీడ్ అనే పెద్ద అధికారి సమాధి ఒక చిన్న భవనమంత ఉంటుంది. మలబారు మొక్కల మీద గొప్ప గ్రంథం తయారు చేయించినవాడు ఆయనే.

కొన్న వ్యాపారి పేరు ఉంది, ఆ వ్యాపారి సమాధి ఉంది. నేసినవాడి పేరు ఏది?

మ్యూజియం ఏం చూపిస్తుంది?

ఇక్కడ మ్యూజియాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఎక్కడి నగర మ్యూజియమైనా తన చేతికి అందినదాన్నే అద్దాల వెనక పెట్టగలదు. రాజు దగ్గర కత్తి ఉంది, నాణెం ఉంది, ఫర్మానా ఉంది. కంపెనీ దగ్గర చిట్టా ఉంది, ఉత్తరాలు ఉన్నాయి, పటాలు ఉన్నాయి. సేఠ్ దగ్గర హవేలీ ఉంది. అవన్నీ నిలిచాయి కాబట్టి వాటి వెనక మనుషులూ నిలిచారు. కూలివాడి దగ్గర మిగిలేది ఏముంది? ఇల్లు కిరాయిది. మగ్గం సేఠ్‌ది. నేసిన బట్ట అంగడికి పోతుంది, చిరిగిపోతుంది.

న్యాయశాస్త్రం చదివినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. కోర్టులో నిజం ఒక్కటే చాలదు, నిజానికి సాక్ష్యం కావాలి. చరిత్ర కూడా అంతే. సాక్ష్యం లేని మనిషి ఉన్నా లేనట్టే లెక్క.

మరి ఎప్పుడూ ఇట్లాగే ఉందా? పనిచేసేవాళ్ళకు లేఖనంలో చోటు లేకపోవడం ఈ దేశంలో మొదటి నుంచీ ఉన్న ఆచారమా? కాదు అనడానికి గట్టి సాక్ష్యం ఉంది. అది సూరత్‌కు మరీ దూరం కూడా కాదు.

తాపీ మీద ఉచిత పడవలు

నాసిక్ పక్కన త్రిరశ్మి కొండ ఉంది. జనం పాండవలేణి అంటారు కానీ పాండవులకూ దానికీ సంబంధం లేదు. అవి భిక్షు సంఘం కోసం తొలిచిన గుహలు. వాటిలో 10వ గుహను తొలిపించినవాడు ఉషవదాతుడు. క్షహరాత వంశపు రాజు నహపాణుడి అల్లుడు, శకుడు. అతని శాసనాలు ఆ గుహ గోడల మీద ఉన్నాయి. వాటి వయసు సుమారు 1900 ఏళ్ళు.

అందులో ఒక శాసనం అతను చేసిన మంచి పనులను వరుసగా చెబుతుంది. భరుకచ్ఛం, అంటే నేటి భరూచ్, దశపురం, గోవర్ధనం, శూర్పారకం ఊళ్ళలో బాటసారుల కోసం వసతి గృహాలు కట్టించాడట. కొన్ని నదుల మీద జనం ఉచితంగా దాటడానికి పడవలు పెట్టించాడట. ఆ నదుల పేర్లు శాసనంలో ఉన్నాయి. ఇబా, పారదా, దమణా, తాపీ, కరబేణా, దహనుకా. నాలుగో పేరు చూడండి. మన సూరత్ నది. కోట పుట్టడానికి దాదాపు పదిహేను వందల ఏళ్ళ ముందే తాపీ పేరు రాతి మీద ఎక్కింది. యుద్ధం గురించి కాదు, సుంకం గురించీ కాదు. దారిన పోయేవాడిని కూలి అడగకుండా రేవు దాటించడం గురించి.

అదే గుహలోని మరో శాసనం మనకు ఇంకా ముఖ్యం. అది 42వ సంవత్సరం నాటిది. గుహలో ఉండే భిక్షువుల కోసం ఉషవదాతుడు 3000 కార్షాపణాల శాశ్వత నిధి ఏర్పాటు చేశాడు. దాన్ని అక్షయనీవి అన్నారు. అసలు ఎప్పుడూ తిరిగి ఇవ్వనక్కరలేదు, వడ్డీ మాత్రమే వాడాలి. ఆ డబ్బును ఎక్కడ పెట్టాడు? రాజు ఖజానాలోనా? పెద్ద సేఠ్ దగ్గరా? కాదు. గోవర్ధనంలోని నేతగాళ్ళ శ్రేణుల దగ్గర. శ్రేణి అంటే ఒకే పని చేసేవాళ్ళ సంఘం. ఒక నేత శ్రేణి దగ్గర 2000, నెలకు నూటికి ఒకటి వడ్డీ. మరో నేత శ్రేణి దగ్గర 1000, నెలకు నూటికి ముప్పావు వడ్డీ.

లెక్క వేసి చూడండి. 2000కు నెలకు 20, ఏడాదికి 240. శాసనం ప్రకారం ఆ వడ్డీ గుహలో వర్షావాసం గడిపే 20 మంది భిక్షువుల చీవరాలకు, ఒక్కొక్కరికి 12 చొప్పున. ఇరవై పన్నెండ్లు 240. పైసా తేడా లేదు. రెండో నిధి మీద వచ్చే ఏడాది వడ్డీ 90 భిక్షువుల చిల్లర ఖర్చులకు.

దీని చివర ఉన్న సంగతి చదివినప్పుడు చట్టం చదివినవాళ్ళకు ఒళ్ళు పులకరించాలి. ఈ ఏర్పాటునంతా నిగమసభలో చదివి వినిపించారని, ఆచారం ప్రకారం ఫలకాల మీద నమోదు చేశారని అక్కడ ఉంది. అంటే నలుగురి ముందు ప్రకటన, ఆపైన రిజిస్ట్రేషన్. నేటి ట్రస్టు దస్తావేజుకు ఇంతకంటే ఏం కావాలి?

ఉషవదాతుడిని ఆకాశానికి ఎత్తాల్సిన పని లేదు. అతను పాలకుడి అల్లుడు. బ్రాహ్మణులకు లక్షల ఆవులు, ఊళ్ళు దానం చేశానని కూడా అదే గోడ మీద చెప్పుకున్నాడు. మనం చూడాల్సింది అతని గొప్ప కాదు. నేతగాళ్ళ సంఘం ఆనాడు ఎంత నిలకడగా, ఎంత నమ్మకంగా ఉంటే ఒక రాజబంధువు తరతరాలు ఉండాల్సిన సొమ్మును వాళ్ళ చేతికి ఇచ్చాడు? తరువాత మన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి ఈ నహపాణుడి వంశాన్ని కూలదోశాడు. అయినా భిక్షువుల మీద పగ పట్టలేదు. ఉషవదాతుడు అనుభవించిన పొలంలో 200 నివర్తనాలను ఆ కొండ మీది భిక్షువులకే ఇస్తూ తన 18వ పాలనా సంవత్సరంలో ఆజ్ఞ రాయించాడు. అదీ పక్కనే 3వ గుహలో ఉంది. పాలకుడు మారినా పత్రం నిలిచింది.

ఈ నేతగాళ్ళ శ్రేణిని నేటి నవాగామ్ పక్కన పెట్టి చూడండి. పన్నెండు గంటల పాళీ, మీటరు లెక్కన కూలి, పదిహేను రోజులకోసారి పగార్. ఎంతోమందికి పగార్ చిట్టీ కూడా చేతికి రాదు. పనిలో వేలు తెగితే ఫలానా కార్ఖానాలో పనిచేస్తున్నానని రుజువు చేసుకునే కాగితం ఉండదు. ఆనాడు రాజబంధువు సొమ్ముకు పూచీ నిలిచిన వృత్తివాళ్ళు ఈనాడు తమ సొంత కూలికి రుజువు చూపలేకపోతున్నారు. చరిత్ర ఎప్పుడూ ముందుకే పోతుందనేవాళ్ళు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

చమ్మకారుడు విధికుడు

నాసిక్ శాసనంలో శ్రేణి ఉంది కానీ నేతగాళ్ళ పేర్లు లేవు. పేర్లు కావాలంటే ఇతర చోట్లకు పోవాలి. కార్లే గుహ ద్వారం దగ్గర సామి అనే వడ్రంగి పేరు ఉంది. మన అమరావతి స్తూపం దగ్గర పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకం మీద విధికుడి పేరు ఉంది. అతను చమ్మకారుడు, అంటే తోలు పని చేసేవాడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో కలిసి ఆ ఫలకాన్ని దానం చేశానని రాయించుకున్నాడు.

ఈ ఒక్క వాక్యంలో ఎంత ఉందో గమనించాలి. తోలు పని చేసే మనిషి తన పనిని దాచుకోలేదు. తండ్రి ఉపాధ్యాయుడని చెప్పుకున్నాడు. కొడుకుకు తాత పేరే పెట్టుకున్నాడు. అందరూ పూజించే కట్టడంలో అతని రాయి కూడా ఒక రాయి. తరువాతి శతాబ్దాలలో అదే పని చేసే మనిషిని గుడి నీడకు కూడా రానివ్వలేదు. అంటరానితనం అనాదిగా ఉందని చెప్పేవాళ్ళకు విధికుడి ఫలకం జవాబు.

అమరావతి రాళ్ళ కథ మ్యూజియాల కథ కూడా. 1797లో కోలిన్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ రాళ్ళలో చాలా భాగం మద్రాసు మ్యూజియానికి, లండన్‌కు పోయాయి. ఇప్పుడు లండన్‌లో ఉద్యోగం చేసే తెలుగువాళ్ళు బ్రిటిష్ మ్యూజియానికి పోతే, పరాయి దేశంలో కృష్ణా తీరపు రాళ్ళు ఎదురుపడతాయి. కళ్ళ నీళ్ళు పెట్టుకొని ఫొటో దిగి వస్తారు. తప్పేం లేదు. కానీ అక్కడ రాజుల కాలం మాత్రమే చూసి రాకూడదు. దాతల పేర్లు చూడాలి. ఆ స్తూపానికి దానం చేసినవాళ్ళలో గృహస్థులు, భిక్షుణులు, వర్తకులు, చేతిపనివాళ్ళు ఉన్నారు. అంతమంది చేతులు పడితేనే అది లేచింది.

నిరాకరణకు కూడా గుర్తు ఉండాలి

గుజరాత్‌లో మరో చోటు సంగతి చెప్పాలి. 1917లో బాబాసాహెబ్ అంబేద్కర్ కొలంబియాలో చదువుకొని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌కు బదులుగా ఆ సంస్థానంలో పనిచేస్తానని ఒప్పుకొని ఉన్నారు. కానీ ఆ ఊళ్ళో ఆయనకు గది ఇచ్చేవాళ్ళు లేరు. ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరుతో దిగారు. పదకొండో రోజు ఉదయం కర్రలు పట్టుకొని వచ్చినవాళ్ళు సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. తెలిసిన ఇద్దరు మిత్రులను అడిగితే ఇద్దరూ సాకు చెప్పారు. ఆయన కామాటీ బాగ్ అనే తోటలో కూర్చొని, రాత్రి బొంబాయి రైలు ఎక్కారు.

బయటి ఊరి నుంచి వచ్చినవాడికి సూరత్‌లో సరాయి కట్టిన చరిత్ర ఎంత నిజమో, బయటి నుంచి వచ్చిన ఒక విద్వాంసుడికి కులం చూసి గది నిరాకరించిన చరిత్ర కూడా అంతే నిజం. ఆ తోటలోని చోటును ఇప్పుడు సంకల్ప భూమి అంటున్నారు. ఏటా సెప్టెంబర్ 23న వేలాది మంది అక్కడికి వస్తారు. ఆ గుర్తును ముందు నిలబెట్టింది మామూలు జనం. అక్కడికి పోయి, కథ చెప్పుకొని, పిల్లలకు చూపించి నిలబెట్టారు. నగరం తనంతట తాను గుర్తుంచుకోదు. గుర్తుంచుకొనేటట్టు ఎవరో ఒకరు చేయాలి.

సూరత్‌లోనే చూడండి. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చినప్పుడు లక్షలాది మంది రైళ్ళెక్కి పారిపోయారు. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్. ఆర్. రావు ఊరిని శుభ్రం చేయించిన తీరును దేశమంతా మెచ్చుకుంది. ఆ మెప్పు న్యాయమైనదే. అయితే తెల్లవారుజామున చీపుర్లు పట్టి, కాలువల్లో దిగి ఆ పని చేసిన వేలాది మంది సఫాయి కార్మికుల పేర్లు ఎవరికి తెలుసు? వాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. పింఛను తీసుకుంటున్నారు. అడిగితే చెబుతారు. ఇంకో పదిహేనేళ్ళు ఆగితే అడగడానికి ఎవరూ మిగలరు.

ఒక సెలవు రోజు మా వాడ పిల్లలు కొందరిని కోటకు తీసుకుపోయాం. గోడలు, బురుజులు చూసి, గదులన్నీ తిరిగాక ఏడో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "సార్, మా బాపు నేసిన బట్ట గూడ గిట్ల అద్దంల పెడ్తరా?" ఎందుకు పెట్టరమ్మా, కానీ ఎవరు నేశారో, ఎప్పుడు నేశారో, ఎక్కడ నేశారో రాసి ఇచ్చేవాళ్ళు కావాలి అన్నాను. "నేను రాస్త" అంది. ఆ పిల్ల మాటకు మనం పెద్దలం తోడు నిలవాలి.

కాగితం లేకపోతే ఏమవుతుంది?

ఇది కేవలం గౌరవం సంగతి అనుకుంటే పొరపాటు. వలస వచ్చిన కుటుంబానికి పాత కాగితం అన్నం ముద్ద లాంటిది. ఒక ఉదాహరణ చెబుతాను.

రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు కులాల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. మొదటి జాబితా 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వుగా వచ్చింది. తెలంగాణలో మాల, మాదిగ అయిన కుటుంబం సూరత్‌కు వస్తే గుజరాత్ రాష్ట్రం ఇచ్చే రిజర్వేషన్ ఇక్కడ దొరకదు. తెలుగు ప్రాంతం నుంచి బొంబాయికి తరలిపోయిన ఒక కుటుంబం విషయంలో, మర్రి చంద్రశేఖరరావు కేసులో, 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సంగతి తేల్చింది. 2018లో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం అదే సూత్రాన్ని నిలబెట్టింది. అంటరానితనం మాత్రం రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగదు, మనతో పాటే రైలెక్కి వస్తుంది. హక్కు మాత్రం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. ఈ అన్యాయాన్ని చట్టసభల్లో సరిచేసుకోవాలి. అది వేరే పోరాటం.

అంతవరకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు, కేంద్ర విద్యాసంస్థలకు మన పిల్లలు స్వరాష్ట్రపు షెడ్యూల్డు కులం వారిగా అర్హులు. దానికి తండ్రికి స్వరాష్ట్రంలో ఇచ్చిన ధ్రువపత్రం కావాలి. 1950 నాటి ఆ ఉత్తర్వు వచ్చిన సమయానికి ఆ కుటుంబం ఏ ఊళ్ళో స్థిరంగా ఉందో చూపాలి. బౌద్ధం స్వీకరించినవాళ్ళకు 1990 సవరణతో షెడ్యూల్డు కుల హోదా దక్కింది కానీ మూల కులం రుజువు వాళ్ళకూ కావాలి. తాత ఏ ఊళ్ళో పుట్టాడో, ఆ ఊరు ఏ తాలూకాలో ఉండేదో ఇక్కడి మూడో తరానికి తెలియదు. 2006 ఆగస్టు వరదలో తాపీ పొంగి సూరత్‌లో ఎక్కువ భాగం మునిగినప్పుడు ఎన్నో ఇళ్ళలో ట్రంకు పెట్టెలు నానిపోయాయి. బడి టీసీలు, రేషన్ కార్డులు, భూమి పట్టాలు ముద్దలయ్యాయి. ఆ ముద్దలలో హక్కులు కూడా ఉన్నాయి.

కాబట్టి చరిత్రను భద్రం చేయడం, హక్కును భద్రం చేయడం ఒకే పని. గోవర్ధనపు నిగమసభ ఫలకం మీద ఎక్కించింది అందుకే.

మనం చేయగలిగింది

మొదటిది, కోటకు వెళ్ళండి. పిల్లలతో వెళ్ళండి. ప్రతి వస్తువు ముందు మూడు ప్రశ్నలు అడగమనండి. ఇది ఎవరిది? దీన్ని ఎవరు చేశారు? చేసినవాళ్ళకు ఏం దక్కింది? మొదటి ప్రశ్నకు జవాబు పక్కనున్న పలక మీద ఉంటుంది. మిగతా రెండింటికీ వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే చరిత్ర చదువు. ముంబై, భివండీ, షోలాపూర్, లండన్, ఎక్కడున్న తెలుగువాళ్ళైనా తమ ఊరి మ్యూజియంలో ఇవే ప్రశ్నలు అడగవచ్చు.

రెండోది, మన దగ్గర ఉన్నదాన్ని పారేయకండి. అరిగిపోయిన నాడె, కండె, మేస్త్రీ రాసిచ్చిన చీటీ, మొదటి రేషన్ కార్డు, తెలుగు బడి హాజరు కాగితం, ఊరి నుంచి వచ్చిన ఇన్‌ల్యాండ్ ఉత్తరం, ఇవన్నీ రుజువులు. కాగితాలను ఫొటో తీసి రెండు మూడు చోట్ల ఉంచండి. అసలు కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో, నేలకు ఎత్తుగా పెట్టండి. సూరత్‌లో నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పలేం.

మూడోది, పెద్దవాళ్ళను అడిగి రాయండి. ఎవరూ పుస్తకం రాయనక్కరలేదు. ఒక్క పేజీ చాలు. తాత పేరు, నాయనమ్మ పేరు, ఊరు, మండలం, జిల్లా. ఏ సంవత్సరం సూరత్‌కు వచ్చారు, ఎవరి వెంట వచ్చారు, మొదట ఏ పనిలో చేరారు, మొదటి పగార్ ఎంత. ఇల్లాలు ఇంట్లో ఏ పని చేసి ఎంత సంపాదించిందో కూడా రాయాలి. మన లెక్కల్లో ఎప్పుడూ జారిపోయేది అదే.

విధికుడు తన ఫలకం మీద తల్లినీ, భార్యనూ, కూతుళ్ళనూ మరచిపోలేదు. పని పేరు దాచలేదు. మనమూ అట్లాగే రాద్దాం. రాసిన తరువాత ఇంట్లో అందరి ముందు చదివి వినిపించండి. కింద తేదీ వేసి, సంతకం పెట్టండి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయండి.